సంతకం ఎవరిది, మాట ఎవరిది

1900లో పారిస్‌లో ‘క్లోదీన్ బడిలో’ అనే నవల వెలువడింది. ఒక పల్లెటూరి పదిహేనేళ్ళ పిల్ల తన బడి గురించీ, తోటి ఆడపిల్లల గురించీ, పంతులమ్మల గురించీ ‘నేను’ అంటూ చెప్పుకుపోయే పుస్తకమది. అట్ట మీద రచయిత పేరు విల్లీ అని ఉంది. విల్లీ నలభై దాటిన మగవాడు, పత్రికల్లో పేరు మోసిన సంగీత విమర్శకుడు, ఇతరుల చేత రాయించి తన పేరు పెట్టుకోవడం అలవాటుగా మార్చుకున్నవాడు. ఆ ‘నేను’ను రాసింది అతని భార్య కొలెత్. నవల విపరీతంగా అమ్ముడుపోయింది. 1903 దాకా ఏటా ఒకటి చొప్పున మరో మూడు క్లోదీన్ నవలలు వచ్చాయి. అన్నిటి మీదా విల్లీ పేరే. ఇద్దరూ విడిపోయాక ఆ పుస్తకాల హక్కులను ఆమెకు చెప్పకుండానే అతను ప్రచురణకర్తలకు అమ్మేసుకున్నాడు.

దీన్ని ఒక దుర్మార్గపు మొగుడి కథగా చదివి పక్కన పెట్టేయడం సులభం. కానీ 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ భార్య భర్తకు విధేయురాలై ఉండాలని రాతపూర్వకంగా శాసించింది. పెళ్ళయిన స్త్రీకి తన కూలి, జీతం మీద తనకే హక్కు 1907లో గానీ రాలేదు. ఓటు హక్కు 1944లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరడానికీ, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికీ 1965 దాకా ఆగవలసి వచ్చింది. చట్టంలో ‘నేను’ అనే చోటు లేని మనిషికి పుస్తకం అట్ట మీద ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కొలెత్ కథ నాకు సాహిత్య చరిత్రలో కంటే హక్కుల చరిత్రలోనే సరిగ్గా కుదురుతుందనిపిస్తుంది.

మన దగ్గర ఇదే కథ తలకిందులుగా నడుస్తోంది. పోలీసు స్టేషన్ బయట అర్జీలు రాసే వ్యక్తి ముందు కూచున్న స్త్రీని ఊహించండి. ఆమె తన భాషలో, తన క్రమంలో చెబుతుంది. ముందు పిల్లవాడి జ్వరం సంగతి, తరువాత అత్తగారి మాట, ఆ తరువాత దెబ్బలు. కాగితం మీదికి వచ్చేసరికి ‘సదరు ముద్దాయి నన్ను శారీరకంగాను, మానసికంగాను హింసించుచు’ అని మొదలవుతుంది. ప్రతి వాక్యంలో ‘నేను’ ఉంటుంది, ఒక్క వాక్యమూ ఆమెది కాదు. కింద మాత్రం ఆమె వేలిముద్ర. కొలెత్ విషయంలో మాట ఆమెది, సంతకం మగవాడిది. ఇక్కడ సంతకం ఆమెది, మాట ఇంకెవరిదో. పరిశోధన పనిలో ఇలాంటి కాగితాలు చాలా చదివాను. ఒకసారి ఒక స్త్రీకి ఆమె అర్జీనే చదివి వినిపిస్తే, అంతా విని, ఇది ఎవరి కేసు అని అడిగింది.

మన స్వచ్ఛంద సంస్థల నివేదికలు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయా? ‘నేను’ను ‘బాధితురాలు’గా, ‘లబ్ధిదారు’గా, ‘కేస్ స్టడీ నాలుగు’గా మార్చడంలో మనకూ అందెవేసిన చేయే ఉంది. నిధులిచ్చేవారికి అలాగే కావాలంటాం. నిజమే కావచ్చు. కానీ ఆ మార్పిడిలో పోయేదేమిటో తెలుసుకోవాలంటే ఒక భాషలో స్త్రీలు ‘నేను’ అనడానికి ఎంత పెనుగులాడారో చూడడం మంచిది. ఫ్రెంచి సాహిత్యం అందుకు పనికొస్తుంది. దాని ఘనత ముందు మోకరిల్లమని కాదు. ఆ పెనుగులాట అక్కడ వ్యాకరణం దాకా వెళ్ళింది కనుక.

తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే వచ్చింది ఆడో మగో తెలియదు. ఫ్రెంచిలో ఆ వాక్యం రాయాలంటే స్త్రీ తన క్రియారూపం చివర, ఇంగ్లీషులో ‘ఈ’ అని పిలిచే అక్షరం ఒకటి అదనంగా చేర్చాలి. విచిత్రమేమిటంటే ఆ అక్షరం రాతలో కనిపిస్తుంది గానీ చెవికి వినిపించదు. దాన్ని వాళ్ళు మూగ అక్షరమనే అంటారు. తాను స్త్రీనని చెప్పుకోకుండా ఆమె ఆ వాక్యం రాయలేదు, చెప్పుకున్నా అది నోట పలకదు! ఇక బడిలో పిల్లలందరూ వల్లించే సూత్రం ఇంకొకటి ఉంది. వందమంది స్త్రీల మధ్య ఒక్క మగవాడున్నా విశేషణం పుంలింగంలోనే ఉండాలి. స్త్రీలింగం మీద పుంలింగానిదే పైచేయి అని ఆ సూత్రం. ఇది అనాదిగా ఉన్నది కాదు. దగ్గరగా ఉన్న నామవాచకాన్ని బట్టి విశేషణం మార్చుకునే పద్ధతి కూడా ఒకప్పుడు వాడుకలో ఉండేది. 17వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు పుంలింగం ‘ఉదాత్తమైనది’ కనుక దానికే పెత్తనమివ్వాలన్నారు. 1767లో బోజే అనే పండితుడు దానికి పురుషుడి ఆధిక్యతనే కారణంగా చూపించాడు. రచయిత్రికి అప్పటికే ఉన్న ‘ఓత్రిస్’ అనే పదాన్ని కూడా ఆ పండితులే వాడుక నుంచి తరిమేశారు. మాట లేకపోతే మనిషీ లేనట్టేనని వాళ్ళకు బాగా తెలుసు.

1984లో మంత్రి ఇవెత్ రూదీ వృత్తుల పేర్లకు స్త్రీలింగ రూపాలు తయారు చేయడానికి రచయిత్రి బెన్వాత్ గ్రూ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. ఫ్రెంచి అకాడమీ మండిపడింది. 1635లో ఏర్పడిన ఆ అకాడమీకి 1980లో మార్గరీత్ యూర్సెనార్ ఎన్నికయ్యేదాకా, అంటే మూడున్నర శతాబ్దాల పాటు, ఒక్క స్త్రీ సభ్యురాలు కూడా లేరన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆ అకాడమీ స్త్రీలింగ వృత్తి నామాలను ఒప్పుకున్నది 2019 ఫిబ్రవరిలో. ఈలోగా 2017లో మూడు వందల పైచిలుకు ఉపాధ్యాయులు ఆ పైచేయి సూత్రాన్ని ఇక బోధించబోమని బహిరంగంగా సంతకాలు చేశారు.

ఇదంతా చదివి తెలుగులో ఇలాంటి గొడవ లేదని సంతోషించేవారు కొందరుంటారు. వాళ్ళు బాలవ్యాకరణం మరోసారి తిరగెయ్యాలి. మగవాళ్ళు మహత్తులు. స్త్రీలు మహతీవాచకాలు. ఏకవచనంలో మాత్రం స్త్రీకి క్రియ అమహత్తు లాగే. వాడు వచ్చాడు; ఆమె వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో స్త్రీలు నలుగురు కలిస్తే గానీ ‘వచ్చారు’ అనే మనిషి క్రియ దక్కదు. (సంఘం పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం వ్యాకరణంలో దొరకదు!) క్రియలో లింగం లేదని మనం మురిసిపోయే ఉత్తమ పురుషలో కూడా, ‘నేను చదువుకున్నవాణ్ణి’ అని మగవాడంటే, ‘నేను చదువుకున్నదాన్ని’ అని స్త్రీ అంటుంది. ఆ ‘దాన్ని’లో ఉన్నది ‘అది’. పరాయి భాష నేర్చుకోవడం వల్ల నాకు కలిగిన పెద్ద లాభమిదే. అక్కడి మూగ అక్షరాన్ని చూశాక ఇక్కడి ‘అది’ చెవికి గుచ్చుకోవడం మొదలవుతుంది.

‘నేను’ అని రాయడాన్ని మన దగ్గర చాలాకాలం తక్కువ చూపు చూశారు. ఆత్మాశ్రయమన్నారు, సొంత గోడు అన్నారు, సామాజిక దృష్టి లేదన్నారు. స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు ‘నీలి’ అనే ముద్ర కూడా వేశారు. ఆ తిట్టునే పేరుగా తిప్పి పెట్టినట్టు 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది. ఈ వాదనకు సమాధానం సిద్ధాంతంలో వెతకనక్కరలేదు. 1971 ఏప్రిల్ 5న పారిస్‌లో ఒక వారపత్రికలో వచ్చిన ప్రకటన చాలు. దాన్ని రాసింది సిమోన్ ద బోవా. ఏటా లక్షలమంది స్త్రీలు దొంగచాటుగా, ప్రాణాపాయంలో గర్భస్రావం చేయించుకుంటున్నారని చెప్పి, ఆ స్త్రీలలో నేనూ ఒకదాన్నని ప్రకటించింది. కింద 343 సంతకాలు. మార్గరీత్ ద్యూరాస్, ఫ్రాన్స్వాజ్ సగాఁ, మోనిక్ విత్తిగ్ వంటి రచయిత్రులు, కాథరీన్ దెనవ్ వంటి నటీమణులు, గిసెల్ అలిమీ అనే న్యాయవాది, వారితోపాటు ఎవరికీ పేరు తెలియని మామూలు స్త్రీలు. అప్పటికి అది జైలుశిక్ష పడే నేరం. ఆ వాక్యం కవిత్వం కాదు, కానీ దానికంటే ఆత్మాశ్రయమైనది ఏముంటుంది? అందులో ‘వారు’ అని ఉంటే అది ఒక నివేదిక అయ్యేది. ‘నేను’ అని ఉండడం వల్ల అది 343 నేరాంగీకారాలయింది, ప్రభుత్వం ఎవరినీ పట్టుకోలేకపోయింది. 1972లో బొబినీ కోర్టులో, అత్యాచారం వల్ల గర్భం వచ్చిన పదహారేళ్ళ అమ్మాయి తరఫున అలిమీ వాదించి ఆమెను విడుదల చేయించింది. 1975 జనవరిలో సిమోన్ వెయ్ పేరుతో చెప్పుకునే చట్టం వచ్చింది. 2024 మార్చిలో ఆ స్వేచ్ఛ ఫ్రాన్స్ రాజ్యాంగంలోకే ఎక్కింది.

అదే 1971లో మన పార్లమెంటు గర్భస్రావ చట్టం చేసింది. ఫ్రాన్స్ కంటే నాలుగేళ్ళు ముందు. దీన్ని చూపించి మనమే ముందున్నామని చెప్పేవారిని చాలామందిని విన్నాను. కానీ ఆ చట్టం వెనుక ఒక్క స్త్రీ ‘నేను’ కూడా లేదు. శాంతిలాల్ షా కమిటీ ఉంది, ప్రసూతి మరణాల ఆందోళన ఉంది, జనాభా పెరుగుదల భయం ఉంది. నిర్ణయం డాక్టరు చేతిలో పెట్టారు. గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న సందర్భాన్ని వివరిస్తూ ‘వివాహిత స్త్రీ లేక ఆమె భర్త’ అని రాశారు. ఆ మాటను ‘స్త్రీ లేక ఆమె భాగస్వామి’గా మార్చడానికి 2021 దాకా, యాభై ఏళ్ళు పట్టింది. పెళ్ళికాని స్త్రీని ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల వెసులుబాటు నుంచి మినహాయించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 2022 సెప్టెంబరులో. స్త్రీ అడగకుండా దక్కిన హక్కును తప్పుపట్టడం లేదు. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ అడిగే గొంతు లేకుండా వచ్చిన చట్టంలో ఆమె కర్త కాలేదు, కర్మగానే మిగిలింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. వనెస్సా స్ప్రింగోరా 2020 జనవరిలో ‘సమ్మతి’ అనే పుస్తకం ప్రచురించింది. తనకు పద్నాలుగేళ్ళప్పుడు యాభై ఏళ్ళ ప్రసిద్ధ రచయిత గాబ్రియేల్ మాట్జ్‌నెఫ్ తనను లోబరచుకున్నాడని అందులో రాసింది. అతను అంతకుముందే ఆమెను తన పుస్తకాల్లో పాత్రగా వాడుకున్నాడు, ఆమె ఉత్తరాలను కూడా అచ్చువేసుకున్నాడు. అతనికి టీవీ స్టూడియోల్లో ఆసనాలు, సాహిత్య బహుమతులు, ప్రభుత్వ సాహిత్య సంస్థ నుంచి భత్యం దక్కాయి. 1990లో ఒక టీవీ చర్చలో అతన్ని ముఖం మీద నిలదీసింది కెనడా నుంచి వచ్చిన రచయిత్రి దెనీజ్ బొంబార్దియే ఒక్కతే. తరువాత పారిస్ సాహిత్యలోకం అతన్ని కాక ఆమెనే వెక్కిరించింది. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ పాత్ర లేచి ‘నేను’ అంది. ప్రాసిక్యూటర్లు దర్యాప్తు ప్రారంభించారు, ప్రచురణకర్త అతని డైరీల అమ్మకం ఆపేశాడు. మరుసటి జనవరిలో కామీల్ కుష్నేర్ తన కుటుంబంలో జరిగిన దాని గురించి మరో పుస్తకం రాసింది. 2021 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళలోపు పిల్లతో పెద్దవాడి లైంగిక చర్యను, బలప్రయోగం రుజువు కాకపోయినా, అత్యాచారంగానే పరిగణించే చట్టం వచ్చింది. ఆ పుస్తకాలే చట్టం తెచ్చాయని అనను. సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాయి. కానీ ఆ ‘నేను’లు లేకుండా ఆ చట్టం అప్పటికప్పుడు వచ్చేది కాదు.

అయితే ఏ ‘నేను’? ఈ ప్రశ్న ఫ్రాన్స్‌లోనూ గట్టిగానే వచ్చింది. 1975లో ఎలెన్ సిక్సూ స్త్రీలు తమ దేహాన్ని రాయాలని పిలుపునిచ్చింది. మన దగ్గర విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చెలామణీ అయింది ఆ వ్యాసమే. దాన్ని ఫ్రాన్స్‌లోనే క్రిస్తీన్ దెల్ఫీ, విత్తిగ్ వంటి భౌతికవాద స్త్రీవాదులు తీవ్రంగా ఖండించారన్న సంగతి మాత్రం అంతగా చెలామణీ కాలేదు. ‘స్త్రీ’ అనేది ప్రకృతి కాదు, ఒక వర్గమని వాళ్ళ వాదన. 1973లో వచ్చిన తన పుస్తకంలో విత్తిగ్ ఫ్రెంచి ‘నేను’ను మధ్యలో గీతతో రెండుగా చీల్చి రాసింది, ఆ మాట స్త్రీకి చెందినది కాదు గనుక. నా మొగ్గు ఇటువైపే. ఇంటిచాకిరీ లేని, కూలి లేని, కులం లేని దేహం గురించి ఎంత అందంగా రాసినా అది కొందరి దేహమే. ‘నల్లపొద్దు’ 2003లో వచ్చినప్పుడు గోగు శ్యామల సేకరించిన దళిత స్త్రీల రచనలు తెలుగు స్త్రీవాదాన్ని అడిగింది ఇదే. అన్నీ ఎర్నో 1983లో తన తండ్రి గురించి రాయడానికి కూచున్నప్పుడు ఎదుర్కొన్నదీ ఇదే. ఆమె నార్మండీలోని ఒక చిన్న ఊళ్ళో కాఫీ దుకాణం, కిరాణా కొట్టు కలిపి నడిపిన దంపతుల కూతురు. బడి ఫ్రెంచి నేర్చుకుని పంతులమ్మ అయి, ఇంట్లో మాట్లాడే మాటకు సిగ్గుపడడం కూడా నేర్చుకుంది. అందుకే అలంకారాలు పూర్తిగా వదిలేసి, ఇంటికి రాసే ఉత్తరమంత చప్పగా రాసింది. పాతికేళ్ళ తరువాత ‘సంవత్సరాలు’లో తన జీవితమంతా ‘నేను’ అన్న మాట వాడకుండా, ‘ఆమె’, ‘మనం’ అంటూ చెప్పింది. 2022లో నోబెల్ వచ్చింది. ‘నేను’ను గట్టిగా నమ్మినవాళ్ళే దాన్ని వదులుకోగలరని ఆమెను చదివితే అర్థమవుతుంది. మన నివేదికల్లోని ‘ఆమె’కూ, ఎర్నో ‘ఆమె’కూ తేడా అదే. ఎర్నో ‘ఆమె’ను ఎంచుకున్నది ఆమే.

మరి ఫ్రెంచిని మనం ఎలా చదువుతున్నాం? హైదరాబాదులో వేలమంది పిల్లలు ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకుంటారు, మార్కులు బాగా వస్తాయని. హోటల్లో గది అడగడం, ఈఫిల్ టవరుకు దారి అడగడం నేర్చుకుంటారు. ‘నేను’ అక్కడ పర్యాటకురాలు. ఆ పిల్లకు ఒక్క పేజీ తన గురించి రాసే పని పెట్టరు. ఇంట్లో ఎవరూ చదవలేని భాష కౌమారంలో ఉన్న ఆడపిల్లకు ఎంత పెద్ద గదో పాఠ్యపుస్తకం రాసేవారికి తెలియదు. తోరూ దత్‌కు తెలుసు. 1877లో ఇరవై ఒక్క ఏళ్ళకే కలకత్తాలో చనిపోయిన ఆమె, ఒక అమ్మాయి డైరీ రూపంలో ఫ్రెంచిలో నవల రాసి పెట్టింది. తండ్రికి అది కాగితాల్లో దొరికింది ఆమె పోయాకే.

ఆ గది తాళం ఎవరిదన్నది కూడా అడగవలసిందే. అసియా జెబార్ 1936లో ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో పుట్టింది. తండ్రి ఫ్రెంచి బడిపంతులు. ఆయన వేలు పట్టుకుని బడికి వెళ్ళడం వల్ల ఆమె పరదా తప్పించుకుంది. కానీ ఆ భాష తన ప్రజలను చంపిన సైనికాధికారుల భాష. దాన్ని సవతితల్లి భాష అంది. 1957లో మొదటి నవలకు కుటుంబానికి తెలియకుండా మారుపేరు పెట్టుకుంది. తరువాత పదేళ్ళకు పైగా నవలలు రాయడం ఆపేసి, 1970లలో కెమెరా, టేప్ రికార్డరు పట్టుకుని తన తల్లి వైపు వారి షెనువా కొండ ప్రాంతానికి వెళ్ళింది. స్వాతంత్ర్య యుద్ధంలో గెరిల్లాలకు అన్నం పెట్టిన, కొడుకులను పోగొట్టుకున్న, జైళ్ళు చూసిన ముసలమ్మలు అక్కడి భాషలో చెప్పింది విన్నది. 1977లో ఒక సినిమా, 1985లో ఒక నవల అందులోంచి వచ్చాయి. ఆ నవలలో ముసలమ్మల ‘నేను’, ఆమె ‘నేను’ పక్కపక్కనే ఉంటాయి, ఒకదానిలో ఒకటి కలవవు. వాళ్ళ మాటను ఫ్రెంచిలోకి తేవడమంటే వాళ్ళకు మరో ముసుగు వేయడం కాదా అని ఆమె ఆ పుస్తకంలోనే తనను తాను ప్రశ్నించుకుంది. 2005లో అదే ఫ్రెంచి అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది.

ఆ నవల వచ్చిన మరుసటి ఏడు, 1986లో, హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్నది. అందులోని స్త్రీలు తమ పేర్లతో, తమ యాసలతో ఉన్నారు, తాము నమ్మిన పార్టీ మీద కోపంతో సహా. అదే ఊళ్ళో, అదే సంప్రదాయం నుంచి వచ్చామని చెప్పుకునే సంస్థలు ఇవాళ ముద్రించే నివేదికల్లో స్త్రీకి పేరు ఉండదు, ఊరు ఉండదు, యాస అసలే ఉండదు. గోప్యత అంటారు. లైంగిక నేరాల్లో పేరు బయటపెట్టకూడదన్న చట్టం కూడా, ఆమె రాతపూర్వకంగా అనుమతిస్తే పెట్టవచ్చనే చెబుతుంది. 2024లో అవిన్యోఁ కోర్టులో గిసెల్ పెలికో మూసిన తలుపులు వద్దన్నది, తన పేరుతో నిలబడింది. అందరూ అలా నిలబడాలని కాదు. నిలబడతావా అని మనం ఆమెను అడుగుతున్నామా అన్నది ప్రశ్న.

పని మొదలుపెట్టడానికి నిధులు అక్కరలేదు. రాసుకున్నది అచ్చుకు పంపేముందు ఆమెకు చదివి వినిపించాలి, ఆమె కొట్టేయమన్నది కొట్టేయాలి, పేరు కావాలంటే పేరు, మారుపేరు కావాలంటే ఆమె ఎంచుకున్న మారుపేరు పెట్టాలి. అచ్చయ్యాక ఒక ప్రతి ఢిల్లీకి, ఒకటి జెనీవాకు పోతుంది. మూడోది ఆమె ఇంటికి పోవాలి.